చిటికెడు ఉప్పుకు ఏడు సంతకాలు

గోదావరి పాయ ఒకటి సముద్రంలోకి మళ్ళేచోట ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దాని పేరేమిటని అడగొద్దు. చెబితే నిజంగా ఉన్న కేంద్రాలవాళ్ళు భుజాలు తడుముకుంటారు. మూడు పొగగొట్టాలు, రెండు వేల మంది మనుషులు, లెక్కకు అందనన్ని ఫైళ్ళు, ఒకే ఒక్క క్యాంటీన్. ఆ క్యాంటీన్‌లో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద వంట చేస్తున్న మనిషి నూకరత్నం.

నూకరత్నం చేతి సాంబారుకు ఎంత పేరుందో ఆమె నోటికీ అంత పేరుంది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది కాబట్టి చేతిరాత కూడా చక్కనిది. చీఫ్ ఇంజినీరు గారు వచ్చినా, చెత్త బండి వాడు వచ్చినా ఒక చమత్కారం విసరకుండా గరిటె తిప్పదు. ఒక్క ఇంట్లో మాత్రం ఏడాదిగా నోరు కట్టేసుకుంది. దానికి కారణం మొగుడి నవ్వు.

మొగుడు సత్తిపండు మూడో బాయిలరు వెనక రేకుల షెడ్డులో తెల్ల దిమ్మలు కోస్తాడు. ఆవిరి గొట్టాలకు తొడిగే దిమ్మలవి. పేరు కాల్షియం సిలికేట్. సున్నాన్నీ ఇసుకనూ ఒత్తిడిలో ఆవిరికి ఉడికించి చేస్తారట. చేత్తో పట్టుకుంటే మరమరాల మూటంత తేలిక. ఆరువందల డిగ్రీల గొట్టం మీద తొడిగినా కాలదు, కరగదు, పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది. పాతకాలంలో ఈ పనికి రాతినార, అంటే ఆస్బెస్టాస్, వాడేవారు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో దూరి మనుషుల్ని తినేసేది. ఇది అంత పాపిష్టిది కాదు. కాకపోతే రంపం పెట్టగానే మైదాపిండిలా లేస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా, ఏళ్ళ తరబడి, మూతికి ఒక తువ్వాలు ముక్క కట్టుకుని ఆ పిండి పీలిస్తే ఎవడి గొంతు మాత్రం ఊరుకుంటుంది? సత్తిపండుకు దగ్గు పట్టుకుంది. మామూలప్పుడు బాగానే ఉండేవాడు. పెళ్ళాం ఏదన్నా అంటే పగలబడి నవ్వేవాడు, ఆ నవ్వు దగ్గులోకి దిగేది, దగ్గు దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళతో గోడకు ఆనుకునేవాడు. అందుకని నూకరత్నం ఇంట్లో చమత్కారాలు మానేసింది. పదమూడేళ్ళ కాపరంలో ఆమెకు అంతకన్నా కష్టమైన ఉపవాసం లేదు.

ఒకరోజు ఆమే కూర్చుని మొగుడి తరఫున ఒక అర్జీ రాసింది. కోరికలు రెండే. షెడ్డులో ఆరుగురికి మంచి మాస్కులు, కోసే బల్ల దగ్గర దుమ్ము లాగేసే ఫ్యాను ఒకటి. తడిపి కోస్తే పోదా అని ఎవరైనా అడుగుతారేమోనని దానికి జవాబు కూడా ముందే రాసిపెట్టింది: "ఈ దిమ్మకు దాహం ఎక్కువండి. నీళ్ళు పోస్తే తాగేస్తుంది, తాగిన దిమ్మ గొట్టానికి పనికిరాదు."

అర్జీ సెక్షన్‌కు వెళ్ళింది. సెక్షన్ దాన్ని సేఫ్టీ విభాగానికి తోసింది. సేఫ్టీ విభాగం హెడ్డాఫీసుకు పంపింది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు నాలుగు నెలలు తిరిగి తిరిగి ఆ అర్జీ, పెరిగి పెద్దదై, సర్క్యులర్ అవతారం ఎత్తి వెనక్కి వచ్చింది. అందులో సత్తిపండు లేడు, షెడ్డు లేదు, దగ్గు లేదు. ఉన్నది ఇది:

"విద్యుత్ కేంద్రమునకు చెందిన, కాల్షియం సిలికేట్ కలిగియున్న సమస్త పదార్థములను పదిహేను దినములలో గుర్తించి, వాటిని తాకువారికిని వాడువారికిని తగు రక్షణ కల్పించి, నివేదిక సమర్పించవలెను."

ఈ కాగితం చీఫ్ సేఫ్టీ ఆఫీసరు పరాంకుశం గారి బల్ల మీద వాలింది. పరాంకుశం గారు నియమాల మనిషి. ఇంట్లో కూడా మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని, పట్టుకున్నానని భార్యకు చెప్పి మరీ దిగుతారు. వచ్చే నెలలో సేఫ్టీ షీల్డు కోసం తనిఖీ బృందం రాబోతోంది. ఆ షీల్డు కోసం ఆయన తొమ్మిదేళ్ళుగా గోడకు మేకు కొట్టించి ఉంచారు.

సహజంగానే ఆయనకు మొదట తెల్ల దిమ్మలే గుర్తొచ్చాయి. ఫైలు తిరగేశారు. దిమ్మలు కాంట్రాక్టరువి. గొట్టానికి తొడిగి, అప్పగింత పత్రం మీద సంతకం పడేదాకా అవి కేంద్రానికి చెందవు. సంతకం పడ్డాక వాటిని ఎవరూ కొయ్యరు. అంటే కోసేటప్పుడు కేంద్రానివి కావు, కేంద్రానివి అయ్యాక దుమ్ము రాదు. "పరిధిలోకి రావు" అని ఎర్ర సిరాతో రాసి, ఆ పేజీ తిప్పేశారు.

మరి పరిధిలోకి వచ్చేవి ఏమున్నాయి? ఏమీ లేవని రాస్తే సరిగ్గా వెతకలేదంటారు. పద్నాలుగో రోజు మధ్యాహ్నం ఆ దిగులుతోనే ఆయన క్యాంటీన్‌లో మజ్జిగలోకి ఉప్పు ప్యాకెట్టు అందుకున్నారు. అచ్చులో ఏది కనబడినా చదవకుండా వదలని అలవాటు ఆయనది. ప్యాకెట్టు వెనక, అతుకు దగ్గర, చీమ కాళ్ళంత అక్షరాల్లో ఉంది: ఉప్పు గడ్డ కట్టకుండా కలిపిన పదార్థం, 552, కాల్షియం సిలికేట్.

పరాంకుశం గారు ప్యాకెట్టును మెల్లగా బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎవరూ కదలకండి," అన్నారు.

మర్నాడు క్యాంటీన్‌కు ఇరవై మాస్కులు, ఎనిమిది కళ్ళజోళ్ళు, మోచేతుల దాకా వచ్చే చేతిజోళ్ళు వచ్చాయి. మాస్కులు మామూలువి కావు, రెండు పక్కలా ఫిల్టర్లున్న ఖరీదైనవి. అట్టపెట్టె విప్పుతుంటే నూకరత్నం కళ్ళు చెమర్చాయి. తన అర్జీ ఫలించిందనుకుంది.

"ఇయ్యి మూడో బాయిలరు ఎనకాల షెడ్డుకి కదండీ? పొరపాట్న ఇక్కడ దింపేసినట్టున్నారు. నేనే అట్టికెళ్ళి ఇచ్చేత్తాను," అంది.

"పొరపాటు కాదమ్మా. ఇవి మీకే. ఇకమీదట సాంబారులో ఉప్పు వేసే సిబ్బంది ఇవి ధరించకుండా ఆ ప్రక్రియను చేపట్టరాదు," అన్నారు పరాంకుశం గారు.

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది. హాస్యమాడుతున్నాడేమోనని వెతికింది. ఆ మొహం మీద హాస్యం ఏ కాలంలోనూ మొలిచిన జాడ లేదు.

"ఉప్పెయ్యడానికి మాస్కేంటండీ? మరి తినేవోళ్ళో?"

"తినేవారి విషయం రెండో దశలో పరిశీలిస్తాం."

"పోనీ కల్లుప్పు ఏసేత్తానండి. అందులో ఏ మందూ ఉండదు. మా అమ్మ తరవోళ్ళంతా అదే తిన్నారు."

"వీల్లేదు. అయోడిన్ కలిపిన ప్యాకెట్టు ఉప్పే వాడాలని అంతకుముందు సర్క్యులర్ ఉంది. పాత సర్క్యులర్‌ను ఉల్లంఘించి కొత్త సర్క్యులర్‌ను పాటించడం విధేయత కాదు."

ఆ రోజుతో ఉప్పు డబ్బా వంటగది వదిలిపోయింది. పుర్రె బొమ్మ అంటించుకుని ఇనప బీరువాలోకి చేరింది. ఉప్పు కావాలంటే పర్మిట్ రాసుకోవాలి. ఆ కేంద్రంలో పర్మిట్ లేనిదే బల్బు కూడా మార్చరు, అది మంచి పద్ధతే. బాయిలరు గొట్టం కోసేవాడికి పెట్టిన ఆ కాగితమే యథాతథంగా సాంబారుకు వర్తింపజేశారు.

"పని స్వభావం?" అడిగాడు కాగితం నింపే గుమాస్తా.

"సాంబార్లో ఉప్పెయ్యడం."

"పని జరుగు ఎత్తు?"

"గుండిగ అంచు నా నడుం దాకా వత్తుంది."

"ఎత్తులో పని కాదు," అని రాసుకున్నాడు గుమాస్తా. "పనిచేసే చోట మంట గానీ, వేడి గానీ ఉన్నదా?"

"పొయ్యి మీద సాంబారయ్యా! మంట లేకపోతే అది చింతపండు నీళ్ళు."

"అయితే అగ్నిమాపక దళం సంతకం కూడా కావాలి."

అలా సంతకాలు ఏడయ్యాయి. సేఫ్టీ, ఫైరు, మెడికల్, మెకానికల్, షిఫ్టు ఇన్‌ఛార్జి, క్యాంటీన్ సూపర్‌వైజరు. గుండిగ మీదుగా కరెంటు తీగలేవీ పోవడం లేదని ఎలక్ట్రికల్ వాళ్ళు కూడా ఒకటి. పదింటికి బయల్దేరిన కాగితం పన్నెండున్నరకు తిరిగొచ్చేది. అప్పుడు నూకరత్నం మాస్కు తగిలించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చేతిజోళ్ళు తొడుక్కుని, పక్కన ఫైరు మనిషి ఎర్ర సిలిండరు గురిపెట్టి నిలబడగా, గిన్నెడు ఉప్పు గుండిగలో వేసేది. పర్మిట్ ఒక వంటకానికే చెల్లుతుంది. పప్పు పర్మిట్ మీద చారులో ఉప్పు వేస్తే ఉల్లంఘన. చారుకు సంతకాలు వచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయేది కాబట్టి జనం చారును చప్పగానే జుర్రుకున్నారు.

ఎన్నాళ్ళని తాగుతారు? వారం తిరక్కుండా ఇళ్ళనించి ఉప్పు పొట్లాలు రావడం మొదలైంది. జేబు రుమాళ్ళలో, టోపీల అడుగున, ఒక సీనియర్ ఇంజినీరైతే పెన్ను మూతలో. పరాంకుశం గారు క్యాంటీన్ గుమ్మంలో సెక్యూరిటీని పెట్టి పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ తడిమించారు. మొదటి రోజే పదకొండు ఊరగాయ సీసాలు దొరికాయి. అనుమానిత లవణ పదార్థాలుగా పేరు రాసి వాటిని పరీక్ష కోసం ల్యాబుకు పంపారు.

ల్యాబులో కెమిస్టు షహనాజ్. చదువుకున్న పిల్ల, ఎవరికీ జంకదు. ఆమె పదకొండు సీసాలనూ చూసి, వేడి అన్నం తెప్పించుకుని పరీక్షించింది. "హానికరం కాదు. ఏడో నంబరు మాగాయకు మెంతిపిండి కాస్త తగ్గింది" అని రిపోర్టు రాసి, ఇక ఊరుకోలేక నేరుగా చీఫ్ ఇంజినీరు గారి మీటింగుకు వెళ్ళింది. అదే సమయానికి నూకరత్నం టీ కప్పులతో లోపలికి వచ్చింది.

"సార్, ఈ పదార్థం గుణమే తేమ పీల్చడం," అంది షహనాజ్. "తన బరువుకు రెండింతల నీళ్ళు తాగినా పొడిగా కనబడుతుంది. అందుకే వానాకాలంలో ఉప్పు రాయి కాకుండా కిలోకు ఒకటి రెండు చెంచాలు కలుపుతారు. అంత మాత్రం తింటే ఏమీ కాదు, వచ్చిన దారినే పోతుంది. దాని దుమ్ము పీలిస్తే మాత్రం కళ్ళు మండుతాయి, గొంతు గీరుకుంటుంది. రోజూ పీలిస్తే దగ్గు పట్టుకుంటుంది. పీల్చేవాళ్ళు ఆ రేకుల షెడ్డులో ఆరుగురు ఉన్నారు. మాస్కులు వాళ్ళకివ్వండి."

నూకరత్నం కప్పులు బల్ల మీద పెట్టి అక్కడే ఆగింది.

"తినడం వేరు, పీల్చడం వేరు అనే భేదం సర్క్యులర్‌లో లేదమ్మా," అన్నారు పరాంకుశం గారు. "అందులో లేని భేదాన్ని ప్రకృతి పాటిస్తే అది ప్రకృతి తప్పు. పైగా షెడ్డులోవి కాంట్రాక్టరు దిమ్మలు. మన పరిధిలోకి రావు. అయినా మీ అభిప్రాయాన్ని మినిట్సులో నమోదు చేస్తున్నాం."

షహనాజ్‌కు ఒళ్ళు మండింది. "అలాగైతే ఇది కూడా నమోదు చేయించండి సార్. మీ నెత్తి మీదున్న సీలింగు పలకలు కూడా కాల్షియం సిలికేటే. నిప్పంటుకోదని వేయించారు. ఈ గోడల్లో సిమెంటుందే, దాంట్లో ముప్పాతిక వంతు అదే జాతి. వాటికి కూడా మాస్కులు తొడగండి!" అని విసవిసా వెళ్ళిపోయింది.

చీఫ్ ఇంజినీరు గారు నవ్వారు కాబట్టి అందరూ నవ్వారు. గుమాస్తాకు నవ్వే హోదా లేదు. అతను మాట పొల్లుపోకుండా మినిట్సు పుస్తకంలో రాశాడు. నూకరత్నం కూడా నవ్వలేదు. టీ పోస్తూ ఒక్కో మాటా మూటగట్టుకుంది.

క్యాంటీన్‌లో ఉప్పు తాకేవాళ్ళు నలుగురే. పదహారు మాస్కులు అద్దాల బీరువాలో కొలువుతీరి కూర్చున్నాయి. రోజుకు పదిసార్లు వాటి ముందునించి నడవాలి నూకరత్నం. ఒకసారి మర్యాదగా అడిగింది. "పరిధి" అన్నారు. ఇంకోసారి బతిమాలింది. "అవి ఉప్పు రక్షణ సామగ్రి" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి సత్తిపండు గుమ్మంలో కూర్చుని దగ్గుతున్నాడు. ఈసారి నవ్వకుండానే వచ్చింది దగ్గు.

మర్నాడు మొగుడికి తీసుకెళ్ళే క్యారేజీలో అడుగు గిన్నెలో అన్నానికి బదులు ఒక మాస్కు పెట్టింది. క్యాంటీన్ గుమ్మం దాటకుండానే దొరికిపోయింది. ఊరగాయ కోసం మూత తీసిన సెక్యూరిటీ మనిషికి ఊరగాయ దొరకలేదన్న నిరాశ ఒకటి తోడైంది.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. ఉప్పు రక్షణ సామగ్రిని పరిధి వెలుపలికి తరలించినందుకు ఆమె కాంట్రాక్టును ఎందుకు రద్దు చెయ్యరాదో మూడు రోజుల్లో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి, ఆపైన విచారణ సంఘం ముందు హాజరు కావాలి.

"నా ముక్కు కోసం నీ కూడు పోయేలా ఉందే రత్నం," అన్నాడు సత్తిపండు మెమో పట్టుకుని. "వద్దంటే విన్నావా? ఎల్లి కాళ్ళ మీద పడదాం పద."

"పడదాం మావా. పడేముందు ఓ కాయితం రాయనీ," అంది నూకరత్నం. భయం లేదని కాదు. కానీ నిజాయితీగా అడిగితే పని జరగలేదు, ఏడిస్తే జరగలేదు. ఇక మిగిలింది వాళ్ళ భాషలో మాట్లాడటమే అనుకుంది. ఆమె సంజాయిషీ ఇలా ఉంది:

"మహారాజశ్రీ పెద్దలకు. మాస్కు తీసుకెళ్ళిన మాట నిజం. నా సంజాయిషీ చెప్పుకునే ముందు ఒక్క మనవి. విచారణ గదికి పైనున్న పలకలు, చుట్టూ ఉన్న గోడలు, కింది నేల అన్నీ కాల్షియం సిలికేట్ కలిగియున్నవని ల్యాబు మేడమ్ గారు మీటింగులో చెప్పగా మినిట్సు పుస్తకంలో నమోదైనది. అవన్నీ కేంద్రానికి చెందినవే. చిటికెడు ఉప్పుకు ఏడు సంతకాలైతే, అంత పదార్థం మధ్యన పర్మిట్ లేకుండా పెద్దలు కూర్చోవడం నా మూలంగా జరిగి, రేపు తనిఖీ బృందం వారు అడిగితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. కాబట్టి కాల్షియం సిలికేట్ లేని చోట ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి సంజాయిషీ చెప్పుకోగలదానను."

పరాంకుశం గారు అది మూడుసార్లు చదివారు. మినిట్సు పుస్తకం తెప్పించి చూశారు. ఉంది. మెల్లగా తలెత్తి సీలింగు వంక చూశారు. అది కూడా ఆయన్ని చూస్తున్నట్టే ఉంది. కాగితం చింపేస్తే? ఇన్‌వర్డు నంబరు పడింది. పట్టించుకోకపోతే? తనిఖీ బృందం మొదట అడిగేది ఫైళ్ళే. ఆయన చేతిజోళ్ళు తొడుక్కుని, ఫైలు పట్టుకుని, గోడకు దూరంగా వరండా మధ్యనించి నడుచుకుంటూ చీఫ్ ఇంజినీరు గారి దగ్గరికి వెళ్ళారు.

ఇక చూడాలి ఆ కేంద్రం అవస్థ! కాల్షియం సిలికేట్ లేని చోటు కోసం వెతుకులాట మొదలైంది. ఆఫీసు సిమెంటు. గెస్టు హౌసు సిమెంటు. ఆస్పత్రి సిమెంటు. గేటు దగ్గర వినాయకుడి గుడి కూడా సిమెంటే. ఆరుబయట కూర్చుందామంటే శ్రావణ మాసపు ముసురు. షామియానా వేస్తే తొలి గాలికే ఎగిరి బొగ్గు గుట్ట మీద పడింది. చివరికి సర్వే బృందం ఒక్కటంటే ఒక్క కట్టడం కనిపెట్టింది. సరుగుడు వాసాలు, ఇనప రేకులు, మట్టి నేల. గింజెడు సిమెంటు లేదు. మూడో బాయిలరు వెనక షెడ్డు.

"షెడ్డు నిర్మాణంలో కాల్షియం సిలికేట్ లేదు" అని షహనాజ్ మొహం ఏమాత్రం కదలకుండా సర్టిఫికెట్ ఇచ్చింది.

"మరి లోపల గుట్టలుగా దిమ్మలున్నాయి కదండీ?" అని గుమాస్తా నసిగాడు.

"అవి కాంట్రాక్టరువి. పరిధిలోకి రావు," అన్నారు పరాంకుశం గారు నిశ్చింతగా.

సోమవారం పొద్దున్నే విచారణ సంఘం షెడ్డులో కొలువు తీరింది. నాలుగు కుర్చీలు, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, నీళ్ళ గ్లాసులు. మధ్యన చీఫ్ ఇంజినీరు గారు, కుడి పక్కన పరాంకుశం గారు. ఎదురుగా చేతులు కట్టుకుని నూకరత్నం. పదడుగుల దూరంలో సత్తిపండు, మిగతా అయిదుగురు. గురువారానికి బాయిలరు వెలిగించి తీరాలి కాబట్టి కోత ఆపడానికి వీల్లేదు. రంపాలు కరకరమన్నాయి. దిమ్మల మీంచి తెల్లటి పొగ లేచి తీరిగ్గా పెద్దల వైపు నడిచింది.

"నిందితురాలు..." అని మొదలుపెట్టారు పరాంకుశం గారు. అక్కడితో దగ్గు అందుకుంది. పావుగంటలో ఆకుపచ్చ గుడ్డ తెల్లబడింది. అరగంటకు చీఫ్ ఇంజినీరు గారి మీసం తెల్లబడింది. ఆయన తుమ్మితే బల్ల మీది దుమ్ము లేచి పరాంకుశం గారి కళ్ళలో పడింది, పరాంకుశం గారు కళ్ళు నులుముకుంటే చేతికున్న దుమ్ము ఇంకాస్త పడింది. నీళ్ళ గ్లాసు అందుకుంటే పైన మీగడ కట్టినట్టుంది.

"మీరు... ఖళ్... మాస్కు ఎందుకు తీసుకెళ్ళారు?" అన్నారు చీఫ్ ఇంజినీరు గారు ఎట్టకేలకు.

"అదేనండి సెప్పబోతున్నాను," అంది నూకరత్నం, చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "ఇప్పుడు మీకెందుకు కావాలనిపిత్తందో, అందుకేనండి."

జవాబుగా నాలుగు కుర్చీలూ ఒకేసారి దగ్గాయి.

రెండో రోజు మధ్యాహ్నం నాటికి ఒక అత్యవసర తీర్మానం పుట్టింది: "విచారణ సంఘ సభ్యుల ఆరోగ్య పరిరక్షణార్థం షెడ్డు నందు దుమ్ము లాగు ఫ్యాను తక్షణమే అమర్చవలెను." నాలుగు నెలలు ఆకాశంలో తిరిగిన ఫ్యాను నాలుగు గంటల్లో స్టోర్సు నించి దిగొచ్చింది. ఫిట్టర్లు దాన్ని చీఫ్ ఇంజినీరు గారి కుర్చీ వెనక బిగించబోయారు.

"అక్కడెడితే దుమ్మంతా అయ్యగారి మీంచే పోద్ది బాబూ," అంది నిందితురాలు. "కోసే బల్ల పక్కనెట్టండి. పుట్టిన సోటే పీల్సేత్తది."

చీఫ్ ఇంజినీరు గారు గబగబా తలూపారు. ఫ్యాను కోత బల్ల పక్కకు చేరింది. స్విచ్ వెయ్యగానే పిండి పొగ గిర్రున తిరిగి గొట్టంలో దూరింది. తెల్లారేసరికి అద్దాల బీరువాలోని పదహారు మాస్కులు కూడా వచ్చాయి. నాలుగు పెద్దలకు. తనిఖీ బృందం కోసం ఫోటో తియ్యాల్సి వచ్చింది. పెద్దలు మాస్కుల్లో, వెనక కూలీలు తువ్వాళ్ళలో ఉంటే బాగుండదని పరాంకుశం గారే గమనించి, ఆరుగురికీ తలా ఒకటి ఇప్పించారు.

మూడో రోజు, తీర్పు చెప్పబోయే ముందు, కేంద్రం పంపిన ఉప్పు నివేదికకు జవాబుగా హెడ్డాఫీసు నించి ఒక చిన్న కాగితం వచ్చింది. పరాంకుశం గారు చదివారు: "పై సర్క్యులర్ ఇన్సులేషన్ దిమ్మలు కోయు సిబ్బందిని ఉద్దేశించినది మాత్రమే. వారు కాంట్రాక్టరు కూలీలైనను వర్తించును. ఉప్పు వగైరాలకు వర్తించదు. ఉప్పు గురించి రాసినవారెవరో తెలియజేయగలరు."

నూకరత్నం పరాంకుశం గారి మొహం వంక చూసింది. పాపం అనిపించింది కూడా. ఆయన ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని, తెరిచి, గొంతు సవరించుకున్నారు.

"చూశారా! ఆదేశం రాకముందే మనం సంపూర్ణంగా అమలు చేసేశాం. ఫ్యాను ఉంది, మాస్కులు ఉన్నాయి, ఫోటో ఉంది."

షీల్డు ఆ ఏడు ఆ కేంద్రానికే వచ్చింది. తొమ్మిదేళ్ళ మేకుకు బరువు దొరికింది. విచారణ ముగిశాక ఫ్యానును స్టోర్సుకు తిరిగి తీసుకెళ్ళమన్నారు గానీ, విప్పాలంటే పర్మిట్ కావాలి, ఏడు సంతకాలు. ఎలక్ట్రికల్ వాళ్ళు పెట్టలేదు. షీల్డు ఫోటోలో ఉన్న వస్తువును కదిలించే బాధ్యత తమది కాదన్నారు. ఫ్యాను అక్కడే ఉంది, తిరుగుతోంది. మాస్కులదీ అదే కథ. ఉప్పు డబ్బా మాత్రం పుర్రె బొమ్మతో సహా వంటగదికి తిరిగొచ్చింది.

ఇక నూకరత్నం మీద తీర్పు. విచారణంటూ జరిపాక ఏమీ తేల్చకుండా వదిలితే విచారణ ఎందుకు జరిపారని అడుగుతారు. పది రోజులు ఆలోచించి ఒక ఉత్తర్వు ఇచ్చారు. అది పట్టుకుని ఆమె సాయంత్రం ఇంటికి వచ్చేసరికి సత్తిపండు గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు.

"ఏమన్నారే? తీసేశారా?"

"తియ్యలేదు. వార్నింగిచ్చారు. నువ్వే సదువుకో."

సత్తిపండు కూడబలుక్కుంటూ చదివాడు: "సదరు నూకరత్నం, మాస్కును షెడ్డుకు చేర్చవలెనను ఆదేశము వెలువడుటకు పద్దెనిమిది దినములు ముందుగానే సదరు ఆదేశమును పాటించుటకు ప్రయత్నించినట్లు రుజువైనది. భవిష్యత్తులో ఇట్టి తొందరపాటు పునరావృతం కారాదని తీవ్రముగా హెచ్చరించడమైనది."

చదివింది అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత పొట్ట పట్టుకుని, తల వెనక్కి వాల్చి, పక్కింటివాళ్ళు తొంగిచూసేలా నవ్వాడు. నూకరత్నం అలవాటుగా మంచినీళ్ళ చెంబు అందుకుని అతని పక్కన నిలబడింది. నవ్వు చివరికొచ్చింది. ఆగింది. చెంబు పట్టుకుని ఆమె ఇంకా ఎదురుచూస్తోంది. దగ్గు రాలేదు.

చెంబు కింద పెట్టేసి, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, మొగుడి పక్కన చతికిలబడింది.

"ఇది ఇన్నాక నవ్వు మావా," అంది. "షీల్డు తగిలిత్తుంటే పరాంకుశం గారు నిచ్చెనెక్కాడా, ఆ ఎత్తుకి పర్మిట్ రాయించుకోలేదని మా గుమాస్తా..."